నల్ల తెర ముందు తడబాటు ఎక్కడ వస్తోంది?

క్లుప్తంగా: కంప్యూటర్‌తో పెద్దగా పరిచయం లేనివాళ్లు కమాండ్ లైనుతో, అంటే నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసి, సాఫ్ట్‌వేర్ వేసుకోలేరన్న అభిప్రాయం బలంగా ఉంది. పరిశీలిస్తే కష్టం కమాండులో తక్కువ. అది ఒకరి నుంచి ఇంకొకరికి చేరే తీరులోనూ, కంప్యూటర్ ఇచ్చే జవాబు చదవడంలోనూ ఎక్కువ. ఎవరో ఇచ్చిన లైనును అర్థం తెలియకుండా అతికించే అలవాటు మోసగాళ్లకూ ఉపయోగపడుతోంది.

## పాత కంప్యూటర్లు తెచ్చిన ప్రశ్న

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు గడువు దొరుకుతుంది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతదై ఉండాలి. అంటే 2017కు ముందు కొన్న మెషీన్లలో చాలావరకు లెక్కలోకి రావు. ఒంగోలు, నెల్లూరు ట్రంకు రోడ్ల మీది జిరాక్సు షాపుల్లో, కావలి డీటీపీ సెంటర్లలో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల బిల్లింగ్ గదుల్లో, రొయ్యల మేత దుకాణాల్లో అంత వయసున్న కంప్యూటర్లు కనిపించడం మామూలే.

కొత్తది కొనే ఉద్దేశం లేనివాళ్లకు విండోస్‌కు బదులుగా వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఒక దారి. అందులో రకాలైన లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేయించుకున్నాక మొదటి రెండు రోజులు ఇబ్బందేమీ ఉండదు. పట్టీ, మెనూ, బ్రౌజర్ అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ప్రింటర్ పలకనప్పుడో, తెలుగు ఫాంట్లు కావాల్సి వచ్చినప్పుడో చిక్కు మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వెతికినా, చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకును అడిగినా, ఏఐ చాట్‌ను అడిగినా జవాబు ఒకే రూపంలో వస్తుంది: "టెర్మినల్ తెరిచి ఈ లైను కొట్టండి." టెర్మినల్ అంటే ఆ నల్ల తెరే.

విండోస్‌లోనే ఉండిపోయినవాళ్లకూ ఈ జవాబు తప్పడం లేదు. మైక్రోసాఫ్ట్ 2020లో సాఫ్ట్‌వేర్ వేసే వింగెట్ అనే కమాండును ప్రకటించి, మరుసటి ఏడాది 1.0 వెర్షన్ విడుదల చేసింది. విండోస్ 11లో అది ముందే ఉంటుంది. మ్యాక్ వాడేవాళ్లకు 2009 నుంచి అలాంటిదే హోమ్‌బ్రూ ఉంది. 1995లో విండోస్ 95 వచ్చాక నల్ల తెరకు కాలం చెల్లిందనుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ వేసుకునే పనిలో అది మళ్లీ మామూలు జనం ముందుకు వచ్చింది.

మింట్‌లోనూ ఉబుంటులోనూ ఫోన్‌లోని ప్లే స్టోర్ లాంటి బొమ్మల జాబితా ఉంది. మౌసుతో నొక్కితే సాఫ్ట్‌వేర్ దిగుతుంది. అయినా సాయం చేసేవాళ్లు లైనునే ఎందుకు పంపుతారన్నది అసలు ప్రశ్న.

## ఫోన్‌లో చెప్పడానికి వీలైనది ఏది

కావలిలో ఉన్న తండ్రికి చెన్నై నుంచి కొడుకు ఫోన్‌లో మౌసు దారి చెప్పాలంటే ఇలా ఉంటుంది: పైన కుడివైపు మూడు చుక్కలు కనిపిస్తున్నాయా, వాటిని నొక్కు, కిందికి ఒక జాబితా జారుతుంది, అందులో నాలుగోది. అవతల తెర మీద చుక్కలకు బదులు గీతలుంటాయి. వెర్షన్ మారితే నాలుగోది ఆరోది అవుతుంది. చెప్పేవాడికి అవతలి తెర కనిపించదు. చేసేవాడికి వాటిలో దేని పేరేమిటో తెలియదు. అరగంట గడిచేసరికి ఇద్దరికీ టెన్షన్ మొదలవుతుంది.

లైనుకు ఈ ఇబ్బంది లేదు. అది ఎవరి తెర మీదైనా ఒకే అక్షరాలు. మెసేజ్‌లో పంపవచ్చు, కాగితం మీద రాసి గోడకు అంటించవచ్చు, ఆరు నెలల తర్వాత మళ్లీ వాడవచ్చు. సాయం చేసేవాళ్లు దీన్ని ఎంచుకోవడంలో గొప్ప చూపించుకోవడం కూడా కొంత ఉండవచ్చు గానీ, దూరం నుంచి చెడకుండా చేరే సూచన ఇదొక్కటే కావడం ప్రధాన కారణం.

మౌసు దారిలో ఇంకో గుంట ఉంది. విండోస్‌లో వీడియో ప్లేయర్ కావాలంటే చాలామంది బ్రౌజర్‌లో పేరు కొట్టి, మొదట కనిపించినదాన్ని నొక్కుతారు. అది ప్రకటన కావచ్చు. ఆ పేజీలో 'డౌన్‌లోడ్' అని రాసిన బటన్లు మూడుంటే అందులో అసలుది ఒక్కటే కావచ్చు. ఆపైన 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోతే అడగని టూల్‌బార్లు కూడా వచ్చి కూర్చుంటాయి. సులువైనదని పేరుపడిన ఈ దారిలో వాడేవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాలు కమాండు దారిలో కంటే ఎక్కువ. అవి నిర్ణయాలని తెలియకుండానే తీసేసుకుంటారు కాబట్టి సులువుగా అనిపిస్తుంది.

## ఒక్క లైనులో నాలుగు మాటలు

ఉబుంటులో వీఎల్‌సీ ప్లేయర్ కోసం కొట్టే లైనును పలికితే ఇలా ఉంటుంది: సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, వీఎల్‌సీ. కొట్టేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య ఖాళీతో.

'సుడో' అంటే ఈ పనిని యజమాని హోదాలో చేయమని. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన చిన్న ప్రోగ్రాం ఇది. ఎవరు పడితే వాళ్లు సిస్టమ్‌ను మార్చకుండా ఇది పాస్‌వర్డ్ అడుగుతుంది. 'ఆప్ట్' సరుకు తెచ్చిపెట్టేది. 1999లో ఉబుంటుకు మూలమైన డెబియన్ లినక్స్ 2.1తో పాటు జనంలోకి వచ్చింది. పాత సూచనల్లో దీని స్థానంలో 'ఆప్ట్-గెట్' అని ఉంటుంది, ఏది కొట్టినా పని జరుగుతుంది. 'ఇన్‌స్టాల్' చేయాల్సిన పని. చివరిది సరుకు పేరు.

ఎంటర్ నొక్కగానే ఆప్ట్ ఇంటర్నెట్ అంతా గాలించదు. ఉబుంటు నిర్వాహకులు నడిపే భాండాగారం జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూస్తుంది. ఆ జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దిగిన ఫైలు జాబితాలో రాసిన ముద్రతో సరిపోలకపోతే ఆప్ట్ దాన్ని వేయదు. ఆ సాఫ్ట్‌వేర్ నడవడానికి ఇంకో ఇరవై చిన్న ముక్కలు కావాలంటే వాటినీ తనే తెస్తుంది. వింగెట్ తీరు కొంచెం వేరు. దాని జాబితా చాలావరకు ఆయా కంపెనీల ఇన్‌స్టాలర్ ఎక్కడుందో చెబుతుంది, దిగిన ఫైలు ముద్రను సరిపోల్చుతుంది. సరుకును తన గోదాములోనే పెట్టుకునే దుకాణానికీ, కంపెనీ నుంచి తెప్పించి సీలు చూసి ఇచ్చే దుకాణానికీ ఉన్న తేడా లాంటిది.

పేరు కచ్చితంగా ఉండాలనడానికి మంచి ఉదాహరణ టెసరాక్ట్. స్కాన్ చేసిన కాగితంలోని అక్షరాలను గుర్తించి టైపు చేసిన పాఠంగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 1980ల్లో హెచ్‌పీ ప్రయోగశాలలో మొదలై, 2005లో అందరికీ తెరిచి ఇచ్చారు. పాత దస్తావేజులు మళ్లీ టైపు చేసే డీటీపీ సెంటర్లకు పనికొచ్చే సరుకు. తెలుగు గుర్తించాలంటే 'టెసరాక్ట్-ఓసీఆర్-టెల్' అనే ప్యాకేజీ (ఆప్ట్ తెచ్చే సరుకు మూట) కావాలి. చివరి మూడు ఇంగ్లిష్ అక్షరాలు తెలుగు భాషకు అంతర్జాతీయ సంకేతం. వాటి బదులు 'టీ ఏ ఎమ్' కొడితే తప్పని చెప్పేవాళ్లెవరూ ఉండరు, తమిళం దిగుతుంది. తడ దాటితే తమిళనాడే కాబట్టి ఈ వైపున అది కూడా కొందరికి అవసరమే, అది వేరే సంగతి.

'అప్‌డేట్', 'అప్‌గ్రేడ్' అనే రెండు మాటలు ప్రత్యేకంగా తికమక పెడతాయి. ఫోన్‌లో అప్‌డేట్ అంటే యాప్ కొత్త వెర్షన్ రావడం. ఆప్ట్‌లో అప్‌డేట్ అంటే జాబితాను తాజా చేయడం మాత్రమే, ఏ సాఫ్ట్‌వేరూ మారదు. మార్చేది అప్‌గ్రేడ్. కొత్తగా వేసిన సిస్టమ్‌లో అప్‌డేట్ కొట్టకుండా ఇన్‌స్టాల్ కొడితే ఉన్న ప్యాకేజీ కూడా దొరకలేదని చెప్పవచ్చు.

## లైను దారిలో చెడేది ఇక్కడ

చెడకుండా చేరుతుందన్న లైను కూడా చేతులు మారేటప్పుడు కొన్నిచోట్ల చెడుతుంది. అవి ఎక్కడో ముందే తెలిసినవాళ్లు మంచి సాయగాళ్లు.

మొదటిది ఫోన్ కీబోర్డు. వాక్యం మొదట్లో వచ్చే అక్షరాన్ని అది తనంతట తానే పెద్దక్షరం చేస్తుంది. చిన్న 'ఎస్' పెద్ద 'ఎస్' అయిపోతుంది. విండోస్ కమాండులు చాలావరకు దీన్ని పట్టించుకోవు. లినక్స్ మాత్రం అలాంటి కమాండ్ లేదు పొమ్మంటుంది. కొన్ని ఫోన్లు రెండు చిన్న అడ్డగీతలను కలిపి ఒక పొడవు గీత చేసేస్తాయి, నిటారు కోట్ గుర్తులను వంకర గుర్తులుగా మారుస్తాయి. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది.

రెండోది వాట్సాప్. రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఉన్నదాన్ని అది లావు అక్షరాలు చేస్తుంది, రెండు కింది గీతల మధ్య ఉన్నదాన్ని వాలు అక్షరాలు చేస్తుంది. లైనులో అవి ఉండాల్సిన గుర్తులైతే తెర మీద మాయమవుతాయి. లైనుకు ముందు మూడు, వెనక మూడు వెనువాలు కోట్ గుర్తులు (బ్యాక్‌టిక్‌లు) పెడితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఫోన్‌లో చూసి కంప్యూటర్‌లో కొట్టేవాళ్లకు ఇంకో సమస్య. ఫోన్ తెర సన్నం కాబట్టి పొడవు లైను రెండు ముక్కలుగా విరుగుతుంది. మొదటి ముక్క చివర ఎంటర్ నొక్కడం చాలా సహజం. పంపేవాళ్లు "ఇదంతా ఒకటే లైను" అని విడిగా రాయకపోతే ఆ తప్పు వాళ్లదే అవుతుంది.

మూడోది నోటిమాట. తెలుగు అజంత భాష కాబట్టి ఫోన్‌లో 'ఆప్ట్' ఆప్టు అవుతుంది, 'లిస్ట్' లిస్టు అవుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగు అలవాటు లేనివాళ్లు చివర ఒక 'యూ' కలపడంలో ఆశ్చర్యం లేదు. 'ఎమ్'కూ 'ఎన్'కూ, 'బీ'కీ 'డీ'కీ 'పీ'కీ తేడా వినపడదు. మద్రాసు ఎమ్, నెల్లూరు ఎన్ అని చెప్పుకునే పాత పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఖాళీని మాత్రం పలకడానికి మాటే లేదు. "ఆప్ట్ అని కొట్టి స్పేస్ బార్ ఒక్కసారి నొక్కు" అని దాన్ని కూడా ఒక అక్షరంలా చెప్పాలి.

ఇవన్నీ దాటాక పాస్‌వర్డ్ వస్తుంది. నల్ల తెరతో కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఉబుంటు వెర్షన్లలో చాలావాటిలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు, చుక్క కూడా పడదు. పక్కనున్నవాళ్లకు ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. "యాడా ఏమీ పడటం లేదురా, కీబోర్డు పోయినట్టుంది" అని అవతల తండ్రి అంటే, "పడుతూనే ఉంది నాయనా, కనపడదంతే. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కు" అని కొడుకు చెప్పగలగాలి. ఈ మాట లైనుకు ముందే చెబితే అయోమయం ఉండదు. లినక్స్ మింట్ ఈ చిక్కు గమనించి అక్షరానికో నక్షత్రం చూపిస్తుంది.

అతికించడంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. కంట్రోల్ వీ నొక్కితే లినక్స్ టెర్మినల్‌లో సాధారణంగా ఏమీ రాదు, షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. కంట్రోల్ సీ కాపీ చేయదు, నడుస్తున్న పనిని ఆపేస్తుంది.

## జవాబు చదవడం

కమాండ్ లైను ఒక సంభాషణ. సాయం చేసేవాళ్లు అందులో సగమే పంపుతారు. కంప్యూటర్ తిరిగి ఏమంటుందో, అన్నప్పుడు ఏం చేయాలో పంపరు. మౌసు అలవాటున్నవాళ్లకు పని పూర్తయితే ఒక పెట్టె తెరుచుకుని 'ఫినిష్' అనాలి. ఇక్కడ పని సవ్యంగా జరిగితే చాలాసార్లు ఏమీ అనదు, కొత్త లైను కోసం గుర్తు మెరుస్తూ ఉంటుంది. మౌనం అంటే జరిగిందని అర్థమని తెలియనివాళ్లు అదే లైను మళ్లీ మళ్లీ కొడతారు.

తరచూ వచ్చే జవాబులు నిజానికి గుప్పెడే. ఎంత డేటా దిగాలో చెప్పి 'వై' ఆ 'ఎన్' ఆ అని అడుగుతుంది. పెద్దక్షరంలో ఉన్నదే దాని ఉద్దేశం, ఎంటర్ నొక్కితే అదే తీసుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజుకు ఇంత డేటా అని వాడుకునేవాళ్లకు ఆ అంకె చూసి ఆగే అవకాశం ఇది. మౌసు దారిలో ఇది ఇంత సూటిగా కనిపించదు. 'అన్‌ఏబుల్ టు లొకేట్ ప్యాకేజ్' అంటే పేరు తప్పు, లేదా జాబితా పాతబడింది. 'కుడ్ నాట్ గెట్ లాక్' అంటే వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోంది, టీ తాగి వచ్చి మళ్లీ కొట్టవచ్చు. ఆ తాళం ఫైలును చెరిపేయమని చెప్పే సలహాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. పని సగంలో ఉండగా అలా చేస్తే ప్యాకేజీల లెక్క చెడిపోవచ్చు. వింగెట్‌లో మొదటిసారి షరతులకు ఒప్పుకోలు అడుగుతుంది. అనుమతి అడిగే కిటికీ ఒక్కోసారి వెనకాలే ఉండిపోయి కింద పట్టీలో మెరుస్తుంటుంది. దాన్ని చూడకపోతే పని ఆగిపోయిందనుకుంటారు.

కాబట్టి పంపాల్సింది ఒక్క లైను కాదు. లైను, దాని కింద రావాల్సిన జవాబు, పట్టే సమయం, వేరే జవాబొస్తే తెర ఫొటో తీసి పంపమన్న మాట. నాలుగు వాక్యాలు ఎక్కువ రాస్తే నాలుగు ఫోన్ కాల్స్ తగ్గుతాయి.

## అదే దారిలో వచ్చే మోసం

2024 నుంచి 'క్లిక్‌ఫిక్స్' పేరుతో సెక్యూరిటీ నిపుణులు చెబుతున్న మోసం సరిగ్గా ఈ అలవాటు మీదే నడుస్తోంది. ఒక వెబ్ పేజీలో 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అన్న పెట్టె వస్తుంది. నొక్కగానే ఒక కమాండ్ చప్పుడు లేకుండా కాపీ అవుతుంది. ఆ తర్వాత విండోస్ కీతో పాటు ఆర్ నొక్కమని, కంట్రోల్ వీ నొక్కమని, ఎంటర్ నొక్కమని మూడు మెట్లు చూపిస్తుంది. చెప్పినట్టు చేస్తే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాం దిగుతుంది. వాడేవాళ్లే తమ చేత్తో నడిపించారు కాబట్టి బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికలు పక్కకు పోతాయి.

మంచి సాయానికీ ఈ మోసానికీ పైకి తేడా లేదు: లైను, అతికించడం, ఎంటర్. తేడా లైను లోపల ఉంటుంది. జాబితా నుంచి పేరు చెప్పి తెచ్చుకునే లైను ఒక రకం. ఏదో వెబ్ చిరునామా నుంచి తెచ్చినదాన్ని చూడకుండా వెంటనే నడపమనే లైను ఇంకో రకం. రెండో రకంలో ఆ చిరునామాలో ఇవాళ ఉన్నది రేపు మారవచ్చు. పేరున్న సాఫ్ట్‌వేర్లు కూడా ఇలాంటి లైన్లు ఇస్తుంటాయి కాబట్టి అన్నీ మోసమని చెప్పలేం. కానీ లైనులో చిరునామా కనిపిస్తే ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే ఎంటర్ నొక్కాలన్న ఒక్క నియమం నేర్పడం కష్టం కాదు. రోబో కాదని తేల్చే ఆ క్యాప్చా పరీక్షలు కంప్యూటర్‌లో కమాండు కొట్టమని అడగవన్నది రెండో నియమం. "ఏమీ చూడకు, అతికించి నొక్కెయ్" అని అలవాటు చేసే సాయగాడు తెలియకుండానే ఆ మోసగాడికి దారి చదును చేసిపెడుతున్నాడు. డబ్బు పోయిన సందర్భాల్లో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు వెంటనే చెప్పాలి.

ఎనీడెస్క్ లాంటివాటితో దూరం నుంచి తెరను చేతిలోకి తీసుకుని వేసేయడం దీనికి ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. పని వేగంగా అవుతుంది గానీ అవతలివాళ్లు నేర్చుకునేది ఉండదు. అదే యాప్‌ను మోసగాళ్లు వాడుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఇంక మిగిలింది షాపు. "ఫార్మాట్ కొట్టి అన్నీ వేసి ఇస్తాం" అన్న పద్ధతిలో యాంటీవైరస్ ఆపి, దొంగ కాపీ యాక్టివేటర్ నడిపే ఆనవాయితీ ఉన్నచోట్ల, కమాండ్ లైను ప్రమాదమని భయపడటానికి మిగిలేది తక్కువ.

## కేరళ దారి, మనకు వర్తించేది

కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఈ సమస్యను ఇంకో వైపు నుంచి పరిష్కరించుకున్నాయి. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా తయారుచేసిన సిస్టమ్‌లో పాఠాలకు కావాల్సిన సాఫ్ట్‌వేర్లన్నీ ముందే ఉంటాయి. టీచరుకు టెర్మినల్ తెరిచే అవసరమే పెద్దగా రాదు. అందరి అవసరమూ ఒకటే అయినచోట ఇది నడుస్తుంది. ఒక వీధిలోని దుకాణాలకు అలా కుదరదు. ఖాతాలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నేరుగా నడవదు. అను ఫాంట్లూ పేజ్‌మేకరూ నమ్ముకున్న డీటీపీ సెంటర్లు విండోస్ వదలలేవు. అలాంటిచోట లినక్స్ ప్రచారం కంటే వింగెట్‌తో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నింటినీ ఒకేసారి తాజా చేసే ఒక్క లైను ఎక్కువ ఉపయోగం. బ్రౌజరూ, ఉత్తరాలూ, సినిమాలూ చాలనుకునే ఇళ్లలోనే లినక్స్‌కు, దాంతో పాటు ఆప్ట్‌కు చోటుంది.

మున్ముందు లైన్లు ఇచ్చేది కొడుకులూ కూతుళ్లూ కాక ఎక్కువగా ఏఐ చాట్‌లే కావచ్చు. అవి తెలుగులో వివరిస్తాయి, విసుక్కోవు. అప్పుడప్పుడు లేని ప్యాకేజీల పేర్లు కల్పించి చెబుతాయి కూడా. ప్రోగ్రామర్లు వాడే కొన్ని బహిరంగ భాండాగారాల్లో ఏ పేరైనా ఎవరైనా నమోదు చేసుకోవచ్చు కాబట్టి, ఆ కల్పిత పేరుతో దొంగ సరుకు పెట్టడానికి వీలుంది. ఉబుంటు సొంత జాబితాలో కొత్త పేరు చేరాలంటే నిర్వాహకుల చేతుల మీదుగా పోవాలి, లేని పేరు కొడితే దొరకలేదని ఆగిపోతుంది. కనిగిరిలోనో ఆత్మకూరులోనో కూర్చున్నవాళ్లకు ఆ జవాబు వచ్చినప్పుడు ముందు స్పెల్లింగు, తర్వాత అప్‌డేట్ కొట్టారో లేదో చూసుకోవాలి. రెండూ సరిగ్గానే ఉంటే, దొరకని ఆ పేరు కోసం వేరే వెబ్‌సైట్లు వెతకకుండా అక్కడే ఆగి, లైను ఇచ్చినవాళ్లను మళ్లీ అడగాలి.